కేబుల్ గ్లాండు: ప్రమాద మండలములందలి విద్యుత్ సంధి పేటికలకు ద్వారరక్షణ

విద్యుత్తును గొనిపోవు కేబులు ఒక ఇనుప పెట్టెలోనికి ప్రవేశించు రంధ్రమున దానిని బిగించి పట్టి, ఆ రంధ్రమును మూసి, కేబులుపై నుండు ఉక్కుతీగల కవచమును పెట్టె లోహముతో సంధించి, లోపలి నిప్పు వెలికి రాకుండను, వెలుపలి దుమ్మును తేమయు లోనికి పోకుండను కాపాడు పరికరమునకు కేబుల్ గ్లాండు అని పేరు. ఇది తఱచుగ ఇత్తడితో చేయబడి, అరచేతిలో నిముడునంత చిన్నదై యుండును. పెట్రోలు ఆవిరి, ద్రావకముల ఆవిరి, వంటగ్యాసు, బొగ్గుపొడి మున్నగునవి గాలితో కలిసి మండుట కవకాశము గల తావులను ప్రమాద మండలములందురు. అట్టి తావులందు తీగల కొసలు కలిసికొను పెట్టెకు సంధి పేటిక, లేదా జంక్షన్ బాక్సు అని వ్యవహారము. కార్మికుల వాడుకలో మాత్రము అది ‘ఎఫ్ఎల్‌పి బాక్సు’, అనగా ఫ్లేమ్‌ప్రూఫ్ లేదా జ్వాలానిరోధక పేటిక. పేటిక గోడలు ఎంత దళసరివైనను, మూత ఎన్ని బోల్టులతో బిగింపబడినను, కేబులు కొఱకు గోడకు తొలిచిన రంధ్రమే దాని బలహీనస్థానము. గుత్తి దుర్గము నెక్కి చూచినవారికి ఈ విషయము వేఱుగ చెప్ప నక్కఱలేదు: ప్రాకారమంతయు ఒక యెత్తు, గవనులు ఒక యెత్తు.

అనంతపురము పీఠభూమిని తలచినప్పుడు ఎవరికైనను మొదట స్ఫురించునది కరవు, పిమ్మట వేరుశనగ. విద్యుత్ పరికరముల ప్రసంగము అటుపై నెప్పుడో వచ్చును. కాని ఆ రెండింటికిని ఈ ఇత్తడి గ్లాండునకును గల చుట్టరికము మనమూహించుదానికంటె సన్నిహితమైనది. పడమటి కనుమల వర్షచ్ఛాయలో నుండి, సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన ఈ యెఱ్ఱనేలలో, తక్కిన పైరులు ఎండిపోయినప్పుడు గూడ కొంత దక్కు పంట యని రైతులు వేరుశనగను నమ్ముకొనిరి. వారు శెనక్కాయ లనియు, బుడ్డ లనియు పిలుచు ఈ కాయలు మొదట ఎద్దు గానుగలకును, తరువాత ఎక్స్‌పెల్లరు మిల్లులకును నడిచినవి. ఎక్స్‌పెల్లరు ఎంత పిండినను చెక్కలో నూటికి 6 మొదలు 8 పాళ్ల నూనె నిలిచియే యుండును. దానిని గూడ రాబట్టుటకై చెక్కను హెక్సేను అను పెట్రోలియపు ద్రావకముతో కడిగి, ద్రావకమును ఆవిరిచేసి మరల చల్లార్చి పట్టు పద్ధతి ఏర్పడినది. అప్పుడు చెక్కలో మిగులు నూనె నూటికి ఒక పాలునకు దిగును. ఈ ద్రావక నిష్కర్షణశాలలు నూనె మిల్లుల వెంటనే రాయలసీమ పట్టణములందు వెలసినవి. నూనెగింజల శాస్త్రమును బోధించి పరిశోధించుటకై అనంతపురముననే నూనెల సాంకేతిక పరిశోధన సంస్థ నెలకొనుట ఈ పంటకును ఈ ఊరికిని గల సంబంధమునకు తార్కాణము.

హెక్సేను స్వభావము నెఱుగనిదే నిష్కర్షణశాలలోని గ్లాండు విలువ తెలియదు. సుమారు 69 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగు ఈ ద్రవము సున్నకు దిగువ 22 డిగ్రీల చలిలో గూడ మండుటకు చాలినంత ఆవిరి నీయగలదు. కావున వేసవి యెండలో దాని సంగతి చెప్పవలసిన పని లేదు. గాలిలో దాని యావిరి నూటికి సుమారు ఒక పాలు మొదలు ఏడున్నర పాళ్ల వఱకు నున్నప్పుడు నిప్పు తగిలిన ప్రేలును. ఆవిరి గాలికంటె మూడింతలు బరువైనది గనుక పైకి లేచి పోక నేలను బట్టి ప్రాకుచు, కాలువలందును, గుంతలందును, కేబులు కందకములందును చేరి నిలుచును. దాని నంటించుటకు కావలసిన నిప్పురవ్వ శక్తి మిల్లీజౌలులో నాలుగవ వంతునకు మించదు. పొడి గాలినాడు తలుపు గొళ్లెమును తాకినప్పుడు వ్రేలికి చురుక్కుమనిపించు స్థిరవిద్యుత్తులో నింతకంటె నెన్నియో రెట్ల శక్తి యుండును. ఇట్టి తావున వదులుగ నున్న ఒక తీగకొస ఏమి చేయగలదో ఊహింప కష్టము గాదు.

నిష్కర్షణశాల యొక్కటియే ఇందు కుదాహరణము గాదు. 44వ జాతీయ రహదారి పొడవున గుత్తి మొదలు హిందూపురము దారివఱకు నున్న ప్రతి పెట్రోలు బంకునందును, పంపు అడుగున నొక సంధి పేటిక యుండును. పెట్రోలు ఆవిరియు హెక్సేను వలెనే బరువైనది, అంతకంటె త్వరగ లేచునది. తాడిపత్రి ప్రాంతపు సిమెంటు కర్మాగారములందు కొలిమికి వలయు బొగ్గును మెత్తని పొడిగ విసరు మిల్లు వద్ద వాయువునకు బదులు ధూళియే శత్రువు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి వద్ద కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ఆరంభించిన పిమ్మట వాహనములకు రంగుపూత అను పని పెద్దయెత్తున ఈ పీఠభూమికి వచ్చినది. థిన్నరులు కలిపి రంగు చిమ్ము తావులు ఎక్కడ నున్నను ఈ గణనలోనివే. 2022 ఏప్రిల్ 4న అనంతపురము జిల్లా రెండుగ విభక్తమై పెనుకొండ, హిందూపురము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి గాని, గాలియు ధూళియు ఎండయు రెండింటను నొక్కటియే.

ఏ తావు ఎంత ప్రమాదకరమో నిర్ణయించుటకు మండల విభాగ మేర్పడినది. మండెడు వాయువు ఎల్లప్పుడును, లేదా చిరకాలము నిలిచియుండు తావు, అనగా తొట్టిలోపలి భాగము వంటిది, జోన్ 0. మామూలు పనిలోనే అప్పుడప్పుడు వెలువడు తావు జోన్ 1. ఏదో లోపము కలిగినప్పుడు మాత్రమే, అదియు కొలదిసేపు, వెలువడు తావు జోన్ 2. ధూళికి ఇదే క్రమమున 20, 21, 22 అను సంఖ్యలు. వాయువులను మరల వాని గుణమును బట్టి వర్గములు చేసిరి: గనులలోని మీథేను మొదటి వర్గము, తక్కినవానిలో ప్రొపేను, పెట్రోలు, హెక్సేను వంటివి ‘టూ-ఎ’, ఎథిలీను వంటివి ‘టూ-బి’, హైడ్రొజను, ఎసిటిలీను ‘టూ-సి’. పరికరము ఎంత వేడెక్కవచ్చునో తెలుపుటకు టి1 మొదలు టి6 వఱకు తరగతులు కలవు. టి3 అనగా 200 డిగ్రీలు, టి6 అనగా 85 డిగ్రీలు మించరాదు. హెక్సేను తనంత తాను మండుకొను వేడిమి సుమారు 225 డిగ్రీలు గనుక దానికి టి3 చాలును. తాడిపత్రి బొగ్గుమిల్లు వద్ద లెక్క వేఱు: పరికరపు పైతలము ధూళిమేఘము మండు వేడిమిలో మూడింట రెండు వంతులకును, అయిదు మిల్లీమీటర్ల ధూళిపొర మండు వేడిమికంటె 75 డిగ్రీలు తక్కువకును మించకుండ నుండవలెను. పెట్టెపై బొగ్గుపొడి పేరుకొనిన కొలది దాని వేడి బయటికి పోవుట మందగించును. అందువలన అచ్చట చీపురు గూడ రక్షణ సాధనమే.

ఈ విజ్ఞానము పుట్టినది బొగ్గుగనులందు. 1815లో హంఫ్రీ డేవీ తన దీపము చుట్టును సన్నని తీగవల నమర్చి, ఇరుకైన లోహరంధ్రములగుండ పోవు మంట చల్లారి నశించునని నిరూపించెను. విద్యుత్తు గనులలోనికి దిగిన తరువాత జర్మనీలో కార్ల్ బైలింగ్ అను ఇంజనీరు ఈ సూత్రమునే విద్యుత్ పేటికలకు ప్రయోగించి, పేటికలోపల ప్రేలుడు కలిగించి పరీక్షించి, 1906లో ఫలితములను ప్రకటించెను. 1913 అక్టోబరు 14న వేల్సు దేశమున సెంఘెనిడ్ గనిలో సంభవించిన విస్ఫోటమున 439 మంది గనికార్మికులు మరణించిరి. సంకేతపు గంటల తీగలలో పుట్టిన నిప్పురవ్వయే దానికి కారణమై యుండవచ్చునను సందేహము బలీయమై, స్వల్పశక్తి గల రవ్వలు గూడ మీథేను నంటింపగలవా యను పరిశోధనకు దారితీసినది. మన తెలుగునాట ఈ శాస్త్రము రాయలసీమ గనుల ద్వారా రాలేదు. రామగిరి బంగారు గనులు కఠినశిలలోనివి. అందు బొగ్గుగనుల మీథేను లేదు. జ్వాలానిరోధక పేటికయు దాని గ్లాండును తెలుగు కార్మికుని చేతికి వచ్చినది గోదావరి లోయలోని సింగరేణి గనుల వలననే యని తలచుట సమంజసము. 1871లో విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగ మాఱెను. ఆనాటి కేబులు కాగితపు పొరలతో చుట్టి, సీసపు తొడుగు తొడిగినది. సీసమును కరిగించి గ్లాండునకు అతికి, లోపల మరగిన తారు వంటి లేపనమును పోసి చల్లార్చెడివారు. ఆ పని తెలిసిన వానికి గనులలో గౌరవము మెండు. ప్లాస్టిక్ తొడుగుల కేబులు వచ్చిన పిదప సీసపు అతుకు పోయి, రబ్బరు వలయమును మరచుట్టుతో నొత్తి బిగించు నేటి గ్లాండు ప్రవేశించినది.

జ్వాలానిరోధక పేటికను గూర్చి పలువుర కొక పొరపాటు అభిప్రాయము కలదు. అది వాయువును లోనికి రానీయదని. నిజమునకు అది రానిచ్చును. పగటి యెండకు లోపలి గాలి వ్యాకోచించి వెలికి పోవును, రాత్రి చల్లబడి బయటి గాలిని లోనికి పీల్చుకొనును. ఈ శ్వాసక్రియను సంపూర్ణముగ నిలుపజాలమని తెలిసియే దాని రూపకల్పన జరిగినది. లోపల వాయువు అంటుకొనిన యెడల పీడనము వాతావరణపు పీడనమునకు ఏడెనిమిది రెట్లు పెరుగును. పేటిక దానిని తాళవలెను, మూత సందులనుండియు మరచుట్టులనుండియు వెలువడు మంటను ఆ సన్నని దారిలోనే చల్లార్చవలెను. ఎంత సన్నని సందులో ఏ మంట ఆఱునో ప్రయోగములు తేల్చినవి: మీథేనునకు 1.14 మిల్లీమీటర్లు, ప్రొపేనునకు 0.92, ఎథిలీనునకు 0.65, హైడ్రొజనునకు 0.29 మాత్రమే. వాయువర్గముల విభజనకు మూల మీ కొలతలే.

కేబులు రంధ్రము ఈ దారులలో మిక్కిలి పెద్దది. కావున గ్లాండు మర పేటిక మరలోనికి కనీసము అయిదు పూర్తి చుట్టులు పోవలెననియు, పేటిక లోపలి పరిమాణము 100 ఘన సెంటీమీటర్లు దాటిన యెడల మర కనీసము ఎనిమిది మిల్లీమీటర్ల లోతు పట్టవలెననియు నియమము. సాధారణముగ వాడు ‘ఎం 20’ గ్లాండు మరచుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు ఎడము. అయిదు చుట్టులు ఏడున్నర మిల్లీమీటర్లే యగును. కావున ఆఱవ చుట్టులోనికి గూడ పోక తప్పదు. ఈ చిన్న గుణకారమును మఱచి, గ్లాండు ‘బిగిసినది’ యని చేయి తీసిన ఫిట్టరు ఒక్క చుట్టు లోటుతో రక్షణను చెఱచుచున్నాడు. పేటికలోపల నిప్పురవ్వ లెన్నడును పుట్టకుండ, వేడెక్కకుండ సంధులను దృఢముగ నమర్చు ‘ఎక్స్-ఇ’ అను మఱియొక పద్ధతియు కలదు. అందు పేటిక ప్రేలుడును తాళవలసిన పని లేదు గాని, ధూళిజలములు చొరకుండ కనీసము ఐపి 54 స్థాయి రక్షణ నిలువవలెను. పలుచని రేకు పెట్టెకు మరలేని రంధ్రము చేసి, వాషరు, లాక్‌నట్టులతో గ్లాండును బిగించుట అచ్చట సమ్మతము, జ్వాలానిరోధక పేటికకు అది నిషిద్ధము. రెంటిని కలగాపులగము చేయుట పెక్కు కర్మశాలలందు చూచు లోపము.

గ్లాండును విప్పి బల్లపై పరచిన యెడల దాని అంగములు స్పష్టమగును. పేటికలోనికి మరచుట్టుతో పోవు ముఖభాగము మొదటిది. దాని లోపల కేబులు అంతస్త్వచమును పట్టు రబ్బరు వలయము. ఆ వెనుక ఉక్కుతీగలు ఏటవాలుగ పఱచుకొను కోనును, వానిని కోనుపై నదుము బిగింపు వలయమును. అటుపిమ్మట కేబులు బాహ్యత్వచమును పట్టు రెండవ రబ్బరు వలయము. చిట్టచివర వెనుక నట్టు. అన్నిటిపైన ఒక ప్లాస్టిక్ తొడుగు. త్వచమును ఒక్కచోటనే పట్టు దానిని సింగిల్ కంప్రెషన్ అనియు, లోపలి వెలుపలి త్వచముల రెంటిని పట్టు దానిని డబుల్ కంప్రెషన్ అనియు మన బజారులో అందురు. డబుల్ కంప్రెషన్ అయినంతమాత్రమున అది ఎఫ్ఎల్‌పి గ్లాండు కాజాలదు. పరీక్షాశాల యిచ్చిన ధ్రువీకరణము, దానిని తెలుపు ముద్ర ఇత్తడిపై చెక్కబడి యుండవలెను. ఈ రెండు మాటలను ఒక్కటిగ భావించి సామగ్రి కొనుగోలు చేయుట వలన కలుగు హాని కంటికి కనబడదు. కనబడు నాటికి ఆలస్యమై యుండును.

రబ్బరు వలయము ఎంత బిగిసినను కేబులు లోపలి తీగలకు నడుమ సందులుండిన యెడల నిప్పును పీడనమును ఆ సందుల వెంటనే ప్రయాణము చేయును. అందువలన గుండ్రని, గట్టి, లోపల పూరింపు గల కేబులు కానిచో, లేదా అట్టిదైనను దాని పొడవు మూడు మీటర్లకు తక్కువైనచో, రబ్బరు వలయపు గ్లాండునకు బదులు బారియర్ గ్లాండు వాడవలెనని 2013 నాటి అంతర్జాతీయ నియమావళి విధించినది. ఇందు తీగలను విడదీసి, వాని నడుమ రెండు పాళ్ల లేపనమును కలిపి నింపి గట్టిపడనిత్తురు. ఈ లేపనము రసాయనక్రియ వలన గట్టిపడునది గనుక ఏప్రిల్, మే నెలల యెండలో చేతిలోనే బిగిసిపోవ నారంభించును. తెలిసిన పనివారు ఉదయపు చల్లని వేళనే కొలదిగ కలిపి, వెంటనే నింపుదురు.

ఇచ్చట ఈ పీఠభూమి విషయమున ఆగి చెప్పవలసినది కలదు. ప్రమాద మండలపు పరికరమున కెట్టి ప్రత్యేక సూచనయు లేనప్పుడు అది సున్నకు దిగువ 20 మొదలు 40 డిగ్రీల వఱకు గల పరిసరోష్ణమునకు మాత్రమే ధ్రువీకరింపబడినదని అర్థము. అనంతపురము వేసవిలో నీడలోనే 40 దాటు దినములు కలవు. ఎండలో నిలిచిన ఇనుప పెట్టెను చేతితో ముట్టజాలము. కావున ఇచ్చట కొనదగినది 50, 55 డిగ్రీలకు ధ్రువీకరింపబడిన పేటికయు గ్లాండును. కేబులు ప్రవేశించు చోట వేడిమి 70 డిగ్రీలు దాటునెడల ఆ సంగతిని పేటికపై సూచింపవలెను. సామాన్యపు పివిసి కేబులు తీగ తాళు గరిష్ఠోష్ణము గూడ 70 డిగ్రీలే. రబ్బరు వలయమును ఈ యెండ క్రమముగ గట్టిపఱచి, బీటలు వార్చి, దాని పట్టును సడలించును. వేడిని బాగుగ తాళునది సిలికోను రబ్బరు. కాని హెక్సేను వంటి ద్రావకము తగిలినప్పుడు అది ఉబ్బిపోవును. ద్రావకమును తాళునది నైట్రైలు రబ్బరు; దానికి సిలికోనునంత వేడి పనికిరాదు. నిష్కర్షణశాలలో ఎండకు నిలిచిన గ్లాండు విషయమున ఈ రెండింటి నడుమ యోచించి యెన్నుకొనవలెను గాని, దుకాణదారు చేతికిచ్చినదానిని తెచ్చుట తగదు. నా అభిప్రాయమున ఇట్టి చోట నీడ కల్పించు ఒక రేకు పందిరి ఏ ఖరీదైన రబ్బరుకంటెను మేలు.

శ్వాసక్రియ ఈ సీమలో మఱింత బలవత్తరము. మధ్యాహ్నము లోపలి గాలి 60 డిగ్రీలకు చేరిన పేటికపై సాయంకాలమొక జడివాన కురిసి 30 డిగ్రీలకు చల్లార్చినదనుకొందము. పేటిక సంపూర్ణముగ మూయబడియుండిన యెడల లోపలి పీడనము నూటికి తొమ్మిది పాళ్లు తగ్గును. ఆ లోటును పూరించుటకు వాననీరు, ఆవిరి, ధూళి ఏ చిన్న సందు దొరికిన నా సందున చొచ్చును. వేదవతి యొడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములందు గాలి మోసుకొనివచ్చిన యిసుక దిబ్బలై పొలములను కప్పుచున్న సంగతి జగద్విదితము. నైరృతి ఋతువునందు వాన రాక గాలి మాత్రమే వీచు వారములు ఈ సీమకు క్రొత్తవి గావు. ఆ గాలిలోని ఇసుకరేణువు ఒక్కటి మరచుట్టులో చిక్కిన యెడల లోహములు పరస్పరము అంటక, మంట చల్లారవలసిన దారి వెడల్పగును. అందుచేత మరను తుడిచి, గట్టిపడని గ్రీజు పలుచగ పూసి, గాలి ఆగిన వేళ బిగించుట ఇచ్చటి యభ్యాసము కావలెను. కేబులు లేని రంధ్రమును తెఱచి విడుచుట కూడదు. ఆ రంధ్రమున బల్లి దూరుట, కందిరీగ మట్టిగూడు కట్టుట పనివారందఱు నెఱిగినదే. దానిని ధ్రువీకరణము గల ఇత్తడి బిరడాతో మూయవలెను. పెట్టె తయారైన చోటినుండి రవాణా కొఱకు పెట్టి పంపిన ప్లాస్టిక్ మూత అందులకు చాలదు.

భూమిసంధానము మఱియొక చిక్కు. తీగలోని విద్యుత్తు పొరపాటున కవచమును తాకినప్పుడు పెద్ద ప్రవాహము కవచము, కోను, గ్లాండు, పేటిక, ఎర్తు తీగల వెంట పోయి ఫ్యూజును తెంచవలెను. ఈ దారిలో ఎచ్చట వదులుండినను నిప్పురవ్వ పుట్టునది అచ్చటనే, అనగా సరిగ గ్లాండు వద్దనే. రాతినేలయు, లోతువఱకు ఎండిన యెఱ్ఱమన్నును విద్యుత్తును సులభముగ పోనీయవు; ఎర్తు గుంతలో ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీరు పోయుచుందురు. త్రాగుటకే నీరు దొరకని కరవు సంవత్సరములందు ఆ గుంతకు బిందెడు నీరు పోయుట యెంత కష్టమో ఈ సీమవాసులకు తెలియును. కావుననే నేలను నమ్ముకొనక, కవచపు తీగ లన్నియు కోనుపై సమముగ పఱచి, ఎర్తు ట్యాగును గ్లాండు వద్దనే బిగించి, లోహపు దారిని తెగకుండ సరఫరా కేంద్రమువఱకు కొనిపోవుట ఇచ్చట రెట్టింపు ముఖ్యము.

లోపములను గూర్చి కొంత. కేబులు వ్యాసమునకు తగని పెద్ద గ్లాండు కొని, చాలని చోటున టేపు చుట్టుట; ఒక గ్లాండులో రెండు కేబులులను దూర్చుట; రంధ్రమునకు గ్లాండునకు మర కుదరనిచో ఒకదానిపై నొకటిగ రెండు అడాప్టరులు తగిలించుట, నియమము ఒక్కదానినే యనుమతించినను; సందు మిగిలిన చోట లప్పము పెట్టి రంగు వేయుట; కవచపు తీగలను పొట్టిగ కత్తిరించి కోనుపై రెండుమూడింటిని మాత్రమే చేర్చుట. అతిబిగింపు గూడ లోపమే. మెత్తని త్వచము గల కేబులు ఒత్తిడికి మెల్లగ జారి సన్నబడి, కొన్ని నెలలలో వలయము వదులగును. ఈ లోపములలో పెక్కింటికి ఫిట్టరు నొక్కనినే నిందించుట న్యాయము గాదు. అతనికి సరియైన పరిమాణపు గ్లాండు ఈయక, కేబులు మార్పును చెప్పక, సాయంత్రములోగ లైను పెట్టవలెనని తొందరించువారు వేఱు కలరు. బరువైన వాయువు నిప్పు నెచ్చట వెదకికొనునో ముందుగ నెవ్వరును చెప్పజాలరు; 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు హిందూస్థాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారమున ద్రవీకృత పెట్రోలియం వాయువు వెలువడి అంటుకొన్న దుర్ఘటనలో 50 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అట్టి వాయువు ప్రాకు నేలపై నిప్పు పుట్టగల తావు ఒక్కటియు మిగులరాదు.

మన దేశమున పెట్రోలియమునకు సంబంధించిన తావులపై 1934 నాటి పెట్రోలియం చట్టమును, 2002 నాటి నియమములును వర్తించును. వీని నమలుపఱచునది నాగపురము ప్రధానస్థానముగ గల పెట్రోలియం, ప్రేలుడు పదార్థముల భద్రతా సంస్థ. దీని మూలము 1898లో నున్నది. గనుల భద్రతను చూచు కార్యాలయము ధన్‌బాదులో కలదు. పేటికలను గ్లాండులను ప్రేల్చి పరీక్షించు గనుల, ఇంధనముల పరిశోధన సంస్థయు అచ్చటనే. మండల విభజనకు ఐఎస్ 5572, పరికరముల యెన్నికకు ఐఎస్ 5571, జ్వాలానిరోధక పేటికలకు ఐఎస్ 2148 చిరకాలము ప్రమాణములు. నేడు అంతర్జాతీయ 60079 వరుసయే భారతీయ ప్రమాణముగ స్వీకరింపబడినది. ఇత్తడి గ్లాండులు మన దేశమున విశేషముగ తయారగునది గుజరాతులోని జామ్‌నగరమున. అనంతపురమునకు విద్యుత్ ఇంజనీరుల కొఱత లేదు: 1946లో మద్రాసు గిండీలో ఆరంభమై 1948లో ఈ ఊరికి తరలివచ్చిన ఇంజనీరింగు కళాశాల, నేటి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు మూలము. గ్లాండు బిగింపును పరీక్షాపత్రములో నొక ప్రశ్నగ గాక, ప్రయోగశాలలో విద్యార్థి చేతికి స్పానరు నిచ్చి నేర్పవలసిన విద్యగ అచ్చట చూడవలెనని నా కోరిక.

తనిఖీలో మూడు స్థాయిలు కలవు: దూరమునుండి కంటితో చూచుట, నిచ్చెన వేసి దగ్గఱకు పోయి, నట్టులను పట్టి చూచుట, విద్యుత్తు నాపి, పేటికను విప్పి చూచుట. క్రొత్తగ అమర్చిన పరికరమునకు మూడవ స్థాయి తప్పనిసరి; తరువాతి తనిఖీల నడుమ నిపుణుల సలహా లేనిదే మూడు సంవత్సరములకు మించి వ్యవధి ఉండరాదు. ఎండ, ధూళి ఇంతగ గల ఈ సీమలో వేసవికి ముందొకసారి, గాలులు తగ్గిన పిమ్మట నొకసారి దగ్గఱనుండి చూచుట ఉచితము. ప్లాస్టిక్ తొడుగును వెనుకకు జరిపి చూడనిదే దాని క్రింది తుప్పు కనబడదు. పని తెలిసిన ఫిట్టరు గ్లాండును బిగించిన పిమ్మట కేబులును రెండు చేతుల పట్టి ఒకమాఱు లాగి చూచి, పేటిక గోడ మీదుగ గ్లాండు నట్టులపై నొక్కటే యెఱ్ఱరంగు గీత గీయును. మఱియొక వేసవిలో వచ్చి చూచువానికి ఆ గీత విరిగియుండిన యెడల నట్టు కదలినదని తెలియును.